మన గోడ

"మన గోడకు మేకు కొట్టే హక్కు ఆవిడకెవరిచ్చారంట?" అన్నారు అత్తగారు.

ఆ మాట కొడుకుతో అని ఉంటే ఎవరూ పట్టించుకునేవారు కాదు. కోడలితో అన్నారు. సింకు ముందు నిలబడి మాడిన పాలగిన్నె తోముతున్న కోడలు, చేతిలో పీచు అలాగే పట్టుకుని వెనక్కి తిరిగింది. అత్తగారు వంటింటి తలుపు పక్కన కుర్చీలో కూర్చుని టీ ఊదుకుంటున్నారు. ఎప్పటినుంచో అలవాటున్న మాటలా ఎంత తేలిగ్గా అనేశారో. మన గోడ. కొంపదీసి ఇంకెవరైనా వచ్చారేమో, వాళ్ళతో అంటున్నారేమోనని కోడలు హాల్లోకి కూడా తొంగి చూసింది. ఎవరూ లేరు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో ఆమె నేర్చుకున్న మొదటి పాఠం 'మా ఇంట్లో' అని మొదలైంది. మా ఇంట్లో కూరలో ఇంత కారం తినరమ్మా. మా ఇంట్లో ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి మాట్లాడరు. మావాడికి దుప్పటి ఇలా మడిస్తే నచ్చదు. కొత్త మనిషిని కదా, నాలుగు రోజులు పోతే 'మన' అంటారులే అని సరిపెట్టుకుంది. ఆ నాలుగు రోజులు ఎక్కడ ఆగిపోయాయో గానీ ఆమె జుట్టు నెరవడం మొదలైంది. ఆ ఇంట్లో ఆమె చీపురు తగలని మూల లేదు. ఏ అరలో ఏముందో, ఏ కిటికీ ఎటు లాగితే పడుతుందో, వాన పెద్దదైతే నీళ్ళు ఎక్కడ కారతాయో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఇల్లు ఎవరు తుడుస్తారంటే ఆమె. ఇల్లు ఎవరిదంటే వాళ్ళది. పోనీ పుట్టింట్లోనైనా ఆ ముచ్చట తీరిందా అంటే, అక్కడ తమ్ముడి భార్య నిండు మనసుతోనే అంటుంది, "అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తూ ఉండండి వదినా" అని. ఇక్కడా 'మా', అక్కడా 'మా'. అత్తగారికి కూడా ఒకప్పుడు ఎవరో ఒకరు ఆ పాఠం చెప్పే ఉంటారు. అది తెలిసి కూడా ఆమెకు అత్తగారి మీద జాలి పుట్టడం ఈ మధ్య మానేసింది.

ఇన్నేళ్ళకు 'మన' అన్నారు. అదీ గోడ దగ్గర. తోమిన గిన్నె బోర్లిస్తూ ఆమె అనుకుంది, నాతో వీళ్ళకు ఏదో పెద్ద పనే పడిందని.

పడిన పని ఇదీ.

ఆ ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. గోడకు ఇటు వీళ్ళ వంటిల్లు, దాని పక్కనే భోజనాల గది. అటు ఒక దర్జీ ఆవిడ అద్దెకుంటోంది. ఒంటరి మనిషి, యాభై దాటి ఉంటాయి, ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లూ పిల్లల బట్టలూ కుడుతుంది. అత్తగారు ఆవిడకు 'మిషనావిడ' అని పేరు పెట్టారు. మనిషి కంటే ముందు ఆ చప్పుడే తెలుసు మరి. పొద్దున్నే మొదలయ్యే ఆ టకటకలో కోడలు కూర తరిగేది, గిన్నెలు తోమేది, బట్టలు మడతపెట్టేది. అవతల కూడా ఎవరో పనిలో ఉన్నారన్న మాట అని మొదట్లో ఊరికే అనుకునేది. తర్వాత ఒక సంగతి గమనించింది. ఇటు భర్త గొంతు లేచినప్పుడల్లా అటు మిషను ఆగుతుంది.

భర్త హెడ్మాస్టరు. వీధిలో అందరికీ 'సారు'. బయట ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. ఇంట్లో, వడ్డన ఆలస్యమైందనో, చొక్కా గుండీ ఊడిందనో, ఏమీ లేకపోతే "ఆ మొహమేంటి అలా పెట్టావ్" అనో మొదలయ్యేది. గొంతుతో మొదలైంది చేతి దాకా వచ్చేది. అప్పుడు అత్తగారు టీవీ సౌండు పెంచేవారు. అప్పుడే గోడ అవతల మిషను ఆగేది. ఆ ఆగడమే ఆమెకు ధైర్యం ఇచ్చేది. ఎవరో వింటున్నారు. దెబ్బ తగిలిన చోటు మండుతున్నా సరే, ఎవరో పని ఆపుకుని మరీ వింటున్నారు.

గొడవ సద్దుమణిగి ఆయన బయటికి వెళ్ళిపోయాక ఆమె వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పేది. తోమడానికి ఏమీ లేకపోయినా గిన్నె కింద గిన్నె పెట్టి చప్పుడు చేసేది. బాగానే ఉన్నాను, లేచి నిలబడ్డాను అని. కాసేపటికి అవతల మిషను మళ్ళీ మొదలయ్యేది. ముందు మెల్లగా, తర్వాత మామూలుగా. వాళ్ళిద్దరూ ఎదురుపడితే "నీళ్ళొచ్చాయా" అంటే "వచ్చాయండీ" అనుకోవడం తప్ప ఏనాడూ మాట్లాడుకున్నది లేదు. కుళాయి సంగతి ఇద్దరూ ఒక్కసారి కూడా పైకి అనలేదు.

ఒకరోజు సాయంత్రం ఆ మర్యాద దర్జీ ఆవిడ దాటింది. ఆ రోజు భర్త విసిరిన స్టూలు ఆమె చెవి పక్కనుంచి వెళ్ళి భోజనాల గది గోడకు తగిలింది. పెళ్ళ రాలి, గుంట పడి, దానిమీదుగా ఒక పగులు పాకింది. "నీకు తగల్లేదుగా, ఇంకెందుకు ఆ ఏడుపు" అన్నాడాయన. ఆమెకు కాళ్ళు ఆడలేదు. కుళాయి తిప్పలేదు. అవతల కుళాయి చప్పుడు కోసం ఎంతసేపు ఎదురుచూసిందో ఏమో, దర్జీ ఆవిడ వచ్చి గేటు దగ్గర నిలబడింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. "లోపల అంతా బాగానే ఉందాండీ?" అని అడిగింది. గట్టిగా కూడా అడగలేదు. ఎదురింటివాళ్ళు తలుపు తీసి చూశారు. కూరగాయల బండి అతను ఆగాడు. సారు నవ్వుతూ బయటికి వెళ్ళి, "టీవీ సౌండండీ" అన్నాడు. లోపలికొచ్చాక మాత్రం ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

మర్నాటి నుంచి గోడ పుట్టింది. అంతకు ముందు ఆ గోడ ఉందనే ఆయనకు గుర్తుండేది కాదు. మిషను చప్పుడుకు అమ్మకు నిద్ర పట్టడం లేదని, ఆ అదురుకు గోడ బీటలు వారిందని, మేకులు కొడుతోందని, అడగబోతే ముసలావిడని నానా మాటలూ అందని న్యాయ సహాయ కేంద్రంలో ఫిర్యాదు ఇచ్చాడు. అక్కడ ఇరుగుపొరుగు తగాదాలు వింటారు, లాయరే కూర్చుని ఇద్దరినీ పిలిచి మాట్లాడతారు, వినకపోతే కోర్టుకు పంపిస్తారు. పక్కింటి యజమాని ముందే చేతులు దులుపుకున్నాడు. "అక్కడ ఆవిడదే తప్పని తేలితే ఖాళీ చేయించేస్తానండీ, నాకెందుకీ తలనొప్పి" అన్నాడు. తేలాలంటే సాక్షి కావాలి. పగలంతా ఇంట్లో ఉండి చూసిన సాక్షి.

"ఇంట్లో ఊరికే కూర్చునేదానికి నీకేం తెలుస్తుంది" అని పెళ్ళైన దగ్గర్నుంచీ అంటున్న మనిషే ఫిర్యాదులో ఇలా రాశాడు: నా భార్య రోజంతా ఇంట్లోనే ఉంటుంది కనుక ఆమెకు అన్నీ తెలుసు.

భోజనాల దగ్గర పాఠం మొదలైంది. "నేను అడుగుతాను, నువ్వు చెప్పు," అన్నాడు చెయ్యి కడుక్కుని వచ్చి. "మిషను ఎప్పుడు ఆగుతుంది?"

ఆమె గిన్నెలు తీస్తూ ఆగింది.

"ఆలోచించడానికేముంది ఇందులో? ఆగదు. రాత్రీ పగలూ ఆగదు. చెప్పు."

"ఆగదు."

"పూర్తి వాక్యం చెప్పు."

"రాత్రీ పగలూ మిషను ఆగదు."

"పగులు ఎలా వచ్చింది?"

పగులు అందరి ఎదురుగానే ఉంది. దానిమీద ఆమె అప్పుడే క్యాలెండరు తగిలించింది, వచ్చేపోయేవాళ్ళ కళ్ళ పడకుండా. ఫిర్యాదుకు ఫోటో తీయడానికి ఆయన ఆ క్యాలెండరు తీసి పక్కన పెట్టాడు. స్టూలు కూడా ఆ గదిలోనే ఉంది, ఒక కాలు వదులై. అత్తగారు స్టూలు వైపు చూడకుండా చెంబులో నీళ్ళు చూసుకుంటున్నారు.

"మిషను అదురుకి," అంది ఆమె.

"ఆ. అంతే. ఎక్కువ మాట్లాడకు. ఎక్కువ మాట్లాడితేనే నీకు తప్పులొస్తాయి."

అత్తగారు చెయ్యి చాచి ఆమె మోచేతి మీద వేశారు. "మన పరువు నీ చేతిలో ఉందమ్మా." అమ్మా అని కూడా అన్నారు. ఆమె ఆ చేతి వైపు చూసింది. ఆ చెయ్యి అక్కడికి ఎప్పుడైనా వచ్చి ఉంటే, స్టూలు విసిరిన రోజున వచ్చి ఉంటే, ఏమడిగినా చేసి ఉండేదేమో. నిజంగానే చేసి ఉండేది. అది తలచుకుంటే ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

కేంద్రం ఒక పాత మేడ మీద ఉంది. వరండాలో పొడుగు బెంచీ. బెంచీకి ఆ కొసన దర్జీ ఆవిడ, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. మెడలో టేపు లేకపోతే ఎవరో వేరే మనిషిలా ఉంది. ఈ కొసన వీళ్ళు ముగ్గురూ. మధ్యలో ఖాళీ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. చూసుకోకుండా ఉండటం కూడా ఎంత కష్టమో ఆమెకు మెడ నొప్పి పుట్టాక తెలిసింది.

లాయరమ్మ ఒక్కొక్కరినే లోపలికి పిలిచింది. ముందు సారు వెళ్ళి చాలాసేపు మాట్లాడాడు. తర్వాత దర్జీ ఆవిడ వెళ్ళి తొందరగానే వచ్చేసింది. అత్తగారు వెళ్ళి కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. కోడలి వంతు వచ్చేసరికి భర్త కూడా లేచాడు.

"మా ఆవిడకు ఒంటరిగా మాట్లాడటం అలవాటు లేదు మేడం. నేను పక్కన కూర్చుంటాను."

"రోజంతా ఇంట్లో ఉండేది ఆవిడేనని మీరే రాశారు కదండీ," అంది లాయరమ్మ. "ఆవిడ చూసింది ఆవిడే చెబుతారు. మీరు కూర్చోండి."

"గుర్తుందిగా," అన్నాడాయన భార్యతో, తరగతి గది గొంతుతో.

తలుపు మూసుకుంది. సగం అద్దం తలుపు. అద్దం అవతల ఆయన భుజం, అత్తగారి తల కనపడుతున్నాయి. లాయరమ్మ ఆమె ఈడుదే, కళ్ళజోడు ముక్కు మీదకు జారి ఉంది. "నేను ఇక్కడ ఎవరి తరఫూ కాదమ్మా. కంగారు పడకుండా చెప్పండి. ఆ గోడ ఎవరిది?"

"వాళ్ళదండి."

లాయరమ్మ కలం ఆగింది. "పక్కింటివాళ్ళదా? మీ ఆయన తమదే అంటున్నారే?"

మొదటి ప్రశ్నకే తప్పు. "కాదు కాదండి. వాళ్ళది," అంటూ తలుపు వైపు చెయ్యి చూపించింది. అద్దంలో ఆయన భుజం కదిలింది.

"మీ ఆయనదీ అత్తగారిదీనా? అయితే మీదే కదా."

'మాది' అనే చిన్న మాట పైకి రావడానికి ఎందుకంత మొరాయిస్తోందో ఆమెకే అర్థం కాలేదు. "అలాగే రాసుకోండి," అంది చివరికి.

లాయరమ్మ రాసుకోలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "కాగితాలు చూశాన్లెండి. రెండిళ్ళ మధ్య గోడ అది. ఉమ్మడి గోడ. ఒకరిదని అనడానికి లేదు, ఇద్దరిదీ. సరే, అది వదిలేయండి. మిషను రాత్రీ పగలూ ఆగకుండా నడుస్తుందని రాశారు. నిజమేనా?"

జవాబు నాలిక చివరనే ఉంది. పూర్తి వాక్యం. రాత్రీ పగలూ మిషను ఆగదు. చెబితే సరిపోతుంది. బయటికి వెళ్ళగానే ఆయన "పద" అంటాడు, దారిలో అత్తగారు "మన" అని ఇంకో రెండుసార్లు అంటారు. పక్కింటి యజమాని వస్తాడు. దర్జీ ఆవిడ మిషను ఏ బండిలోనో ఎక్కించుకుని, బట్ట ముక్కల మూటలు కట్టుకుని వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఒక పూట వడ్డన ఆలస్యమవుతుంది. ఆయన గొంతు లేస్తుంది. టీవీ సౌండు పెరుగుతుంది. గోడ అవతల ఆగడానికి ఏమీ ఉండదు. అన్నీ అయ్యాక ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుతుంది, అలవాటు కొద్దీ. ఎవరికోసం? కూతురైనా ఇంట్లో లేదు; దాన్ని హాస్టల్లో వేయమని తానే పట్టుబట్టినప్పుడు బాగా చదువుకుంటుందని అందరికీ చెప్పింది. అది ఆ ఇంట్లో పడుకుని అవన్నీ వినకూడదనే పంపిందని ఎవరికీ చెప్పలేదు. ఇంక వినడానికి మిగిలింది గోడ అవతలి ఈ ఒక్క మనిషి. ఈ మనిషిని కూడా తన నోటితోనే పంపించేయమంటున్నారు. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా అని ఆమెకు కోపం తన్నుకొచ్చింది. భయం కూడా ఉంది. కానీ కోపమే ముందు నోటిదాకా వచ్చింది.

"ఆగుతుందండి," అంది.

"ఎప్పుడు?"

"మా ఆయన అరిచినప్పుడు."

లాయరమ్మ కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది. "మళ్ళీ ఎప్పుడు మొదలవుతుంది?"

"నేను కుళాయి తిప్పాక."

లాయరమ్మకు అర్థం కాలేదు. ఎలా అవుతుంది? ఆమె చెప్పాల్సి వచ్చింది. మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో తెలియలేదు. మాటలు తప్పులు తప్పులుగా వచ్చాయి, ఒకదాని వెనక రావాల్సింది ముందొచ్చింది, పూర్తి వాక్యం ఒక్కటి కూడా రాలేదు. లాయరమ్మ దిద్దలేదు. ఫైలులోంచి ఫోటో తీసి ముందు పెడితే, "అది స్టూలండి. నా తలకు తగలాల్సింది," అంది. అన్నాక తన మాట తనకే వినపడి చేత్తో నోరు మూసుకుంది. పైకి ఎవరితోనూ అనని మాట అది, కన్నతల్లితో కూడా.

లాయరమ్మ మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. "ఇందాక పక్కింటావిడను కూడా అడిగాను, మిషను ఎప్పుడైనా ఆపుతారా అని. 'ఆపుతానండీ. ఎందుకో మాత్రం నన్నడగొద్దు, అది చెప్పాల్సిన మనిషి నేను కాదు' అందావిడ. ఇల్లు ఖాళీ చేయాల్సొస్తుందమ్మా అన్నా కూడా ఇంకో మాట మాట్లాడలేదు."

అప్పుడు ఏడ్చింది ఆమె. స్టూలు సంగతి చెప్పినప్పుడు కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఇల్లు పోతున్నా సరే, ఆవిడ తన గుట్టు కాపాడింది. తనేమో రాత్రంతా ఆవిడ మీద చెప్పాల్సిన అబద్ధాలు వల్లె వేసుకుంటూ పడుకుంది.

"చూడండమ్మా," అంది లాయరమ్మ. "పక్కింటి గొడవ కోసం వచ్చారు. అది పెద్ద లెక్కలోది కాదు, తేలిపోయింది. మీ గొడవ కూడా ఇక్కడే చెప్పుకోవచ్చు. దానికి చట్టం ఉంది. ఆయన మీ మీద చెయ్యి వేయకుండా కోర్టు ఉత్తర్వు అడగొచ్చు. ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే, అందులో ఉండే హక్కు మీకుంది, ఎవరూ పొమ్మనడానికి లేదు. ఈ పూట ఆ ఇంటికి వెళ్ళడానికి భయంగా ఉంటే అదీ చెప్పండి, ఉండటానికి చోటు చూపిస్తాం. కానీ అడగాల్సింది మీరే. మీ బదులు నేను అడగలేను."

"వద్దనుకుంటే?"

"వద్దనుకుంటే ఇదంతా ఈ గదిలోనే ఉండిపోతుంది. మీ ఆయనకు నేనేమీ చెప్పను." లాయరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. "కావాలనుకుంటే మాత్రం సాక్షి ఉంటే మంచిది. ఇంట్లో జరిగేది ఇంకెవరైనా విన్నవాళ్ళు ఉన్నారా?"

అద్దం అవతల ఆయన లేచి నిలబడ్డాడు. గడియారం చూసుకుంటున్నాడు. వేలితో అద్దం మీద చిన్నగా కొట్టాడు, పరీక్షలో టైమైపోయిందని పిల్లలకు చెప్పినట్టు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. లేచింది. కాళ్ళు ఆడాయి. తలుపు తానే తీసింది.

"అయిందా?" అన్నాడాయన. ఆమె కళ్ళు చూసి గొంతు తగ్గించాడు. "ఏం చెప్పావ్?"

"చూసింది చెప్పాను."

"చూసింది అంటే? ఏయ్, నీతోనే. ఏం చెప్పావ్ లోపల?"

అత్తగారు గబుక్కున లేచి మధ్యలోకి వచ్చారు. వరండాలో ఉన్నవాళ్ళందరూ ఇటే చూస్తున్నారు. ఆవిడ కోడలి మోచెయ్యి పట్టుకున్నారు. "ఏదైనా సరే ఇక్కడ వద్దమ్మా. పద, మన ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

కోడలు ఆ చేతిని విదిలించుకోలేదు. మెల్లగా తీసి, అత్తగారికే అప్పగించినట్టు వదిలేసింది. బెంచీ పక్కగా నడిచింది. ఇందాకటి నుంచి ఎవరూ కూర్చోని ఆ మధ్య ఖాళీ దాటి, ఆ కొసదాకా వెళ్ళింది. దర్జీ ఆవిడ తలెత్తింది. ఆవిడ కళ్ళు ఇంత దగ్గరగా చూడటం అదే మొదలు. సూదిలోకి దారం ఎక్కించి ఎక్కించి చుట్టూ ముడతలు పడ్డాయి.

"లోపలికి వస్తారా?" అంది ఆమె. "మన గోడ గురించి మాట్లాడాలి."